కళ్ళజోడు అరిస్తే బాగుంటుందా?

కొత్త వ్యాపారం పెట్టబోయే సోదర సోదరీమణులారా! సరుకు తయారు చేయకముందే నలుగుర్నీ అడగండి. తప్పకుండా అడగండి. అయితే ఒకే ఒక్క ప్రశ్న అడగండి: "ఇలాంటిదొకటి ఉంటే బాగుంటుందా?"

ఇంతకంటే గొప్ప ప్రశ్నను మనిషి ఇంతవరకూ కనిపెట్టలేదు. ఎందుకంటే దీనికి జవాబు ఒక్కటే. పరీక్షల్లో ఇలాంటి ప్రశ్నలే ఇచ్చి ఉంటే మనలో ఎంతమంది ఫస్టు క్లాసులో పాసై ఉండేవాళ్ళమో ఒక్కసారి ఆలోచించండి!

దానంతటదే మడతపడే దుప్పటి ఉంటే బాగుంటుందా? చాలా బాగుంటుంది. బాస్ రాబోతున్నాడని ముందే చెప్పే కుర్చీ? అద్భుతం. పక్కింటి గొడవ మాటమాటా స్పష్టంగా వినిపించే గోడ? అబ్బ, మార్కెట్లోకి ఎప్పుడొస్తోందండీ?

ఈమధ్య కొందరు మేధావులు బయల్దేరారు. అలా అడక్కూడదట. "పోయినసారి ఈ ఇబ్బంది వచ్చినప్పుడు మీరేం చేశారు?" అని అడగాలట. అడిగి, నోరు మూసుకుని వినాలట. ఎంత ప్రమాదకరమైన సలహా! అలా అడిగితే జనం నిజం చెప్పేయరూ? నిజం తెలిశాక ఎవరైనా ఉద్యోగానికి రాజీనామా చేస్తారా? విజిటింగ్ కార్డులు అచ్చేయిస్తారా? దేశంలో సగం స్టార్టప్పులు పుట్టకముందే ఆరిపోవూ?

నమ్మకం కలక్కపోతే లెన్సమ్మకు ఏం జరిగిందో వినండి.

లెన్సమ్మ అసలు పేరు వేరే ఉంది. కళ్ళజోళ్ళ షాపులో పద్నాలుగేళ్ళుగా పనిచేస్తోంది కాబట్టి ఓనరు దగ్గర్నుంచి కస్టమర్లదాకా అందరూ అలాగే పిలిచేవారు. వెనక గదిలో మిషను మీద లెన్సు అంచులు అరగదీసి ఫ్రేములో బిగించేది. ముందు కౌంటర్లో ఫ్రేములు చూపించేది, చెవి వెనక కాడ గుచ్చుకుంటోందని వచ్చినవాళ్ళకి వేడి చేసి వంచి ఇచ్చేది. కళ్ళజోడు పెట్టుకునే మనిషి ముక్కు ఎటు వంకరో ఒక్క చూపులో చెప్పగలదు. అలాంటి మనిషికి ఓ మంచిరోజున ఐడియా వచ్చింది.

ఐడియా ఇంట్లోనే పుట్టింది. మామగారు రిటైరైన స్టేషన్ మాస్టరు. రోజుకి నాలుగైదుసార్లు, రైలు ప్లాట్‌ఫారం మారిందని ప్రకటించే గొంతుతో, "నా కళ్ళజోడు ఎక్కడ?" అని అడిగేవారు. అత్తగారు వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చేవారు. మీరు కూర్చోండి, నేను చూస్తానంటూ రెండు గదులూ తిరిగి, ఓసారి దిండు కిందనుంచి, ఓసారి కుట్టుమిషను సొరుగులోంచి తీసి ఇచ్చేవారు. పాపం, ఈ వయసులో ఆవిడకి ఎంత శ్రమ అనుకుంది కోడలు. కళ్ళజోడు కాడకి గోరంత పరికరం అతికించి, గోడమీద ఒక బటన్ పెట్టి, అది నొక్కగానే కళ్ళజోడే అరిచి తానెక్కడుందో చెప్పేస్తే?

ఆలోచన రాగానే ఆమె పనిలోకి దిగిపోలేదు. బుద్ధిమంతురాలు. ముందు జనాన్ని అడగాలని నిర్ణయించుకుంది.

అడగడం ఎలా అడిగిందో చూడండి. కస్టమరు కాడ వదులైందని వస్తాడు. కళ్ళజోడు తీసి ఆమె చేతికిస్తాడు. ఇక అతగాడికి లోకమంతా పొగమంచు. ఎదుటి మనిషి మొహం కూడా ఆనదు. ఆమె ఓ చేత్తో కళ్ళజోడు, ఓ చేత్తో స్క్రూడ్రైవర్ పట్టుకుని, తీయగా అడిగేది: "పోయిన కళ్ళజోడు అరిచి పిలిస్తే బాగుంటుందాండీ?"

తన కళ్ళు ఇంకొకరి చేతిలో ఉన్నప్పుడు బాగోదనే మొనగాడు ఎక్కడైనా ఉంటాడా?

నూట పన్నెండు మందిని అడిగింది. నూట పన్నెండు మందీ బాగుంటుందన్నారు. ఒక లెక్కల మాస్టారు అయితే ఇంతకాలం ఎవరికీ తట్టనందుకు ఆశ్చర్యపోయారు. ఒక పెద్దావిడ ఆమె తల నిమిరింది. ఇంట్లో అత్తగారిని అడిగితే చాలా బాగుంటుందమ్మా అన్నారు. భర్తని అడిగింది. ఆయన ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు. లోపల ఏముందో చూడడమే తప్ప చెప్పడం ఆయన ఉద్యోగం కాదు. ఆ అలవాటు ఇంటికీ వచ్చేసింది. బాగుంటుందని ఒక్క ముక్క అని పక్కకి తిరిగాడు.

బాగోదన్నవాడు ఒకే ఒక్కడు, షాపు ఓనరు.

"పద్నాలుగేళ్ళలో కళ్ళజోడు పోయిందని ఏడుస్తూ వచ్చినవాణ్ణి ఒక్కణ్ణి చూపించమ్మా," అన్నాడాయన. "నవ్వుతూ వస్తారు. నాకదే అర్థంకాదు. ఎందుకో కనుక్కుని అప్పుడు చెయ్యి."

లెన్సమ్మకు వెంటనే విషయం బోధపడింది. జనం కళ్ళజోళ్ళు పోగొట్టుకోకపోతే ఈయన షాపు ఎలా నడుస్తుంది? కుళ్ళు! నూట పన్నెండు మంది మంచివాళ్ళ మాట కాదని ఒక కుళ్ళుబోతు మాట వినడానికి ఆమేమైనా పిచ్చిదా? మర్నాడే రాజీనామా ఇచ్చేసింది. ఆయన కాగితం రెండుసార్లు చదివి, ఆమె కుర్చీ అలాగే ఉంచుతానని మాత్రం అన్నాడు. ఆ మాటకి ఆమెకి మరింత ఒళ్ళు మండింది.

పరికరం తయారుచేసింది ఆమె తమ్ముడు. బొమ్మల ఫ్యాక్టరీలో పాడైన బొమ్మలు బాగుచేస్తాడు. గోరంత స్పీకరు ఎక్కడా దొరకలేదట. చివరికి ఫ్యాక్టరీలో మూలపడేసిన బాతుబొమ్మల్లోంచి తీసి పెట్టాడు. దాంతో ఏమైందంటే, బటన్ నొక్కగానే కళ్ళజోడు "క్వాక్ క్వాక్" అనడం మొదలుపెట్టింది. గొంతు మార్చమని అక్క బతిమాలింది. అక్కా, బాతు అయితే ఎవరూ ఇంకో చప్పుడనుకోరు కదా అన్నాడు. అదీ నిజమే అనిపించింది ఆమెకి. ఉద్యోగం వదిలేసుకున్న మనిషికి ఏదైనా నిజమే అనిపిస్తుంది.

మొదటి బాతు మామగారి కళ్ళజోడుకే అమర్చారు. ఆయన ఆరోజంతా బటన్ నొక్కుతూ కూర్చున్నారు. కళ్ళజోడు మొహం మీద ఉండగానే నొక్కి, చెవి పక్కన బాతు అరుస్తుంటే చిన్నపిల్లాడిలా నవ్వారు.

ఇక లెన్సమ్మ కంటి క్లినిక్ వరండాలో ఒక బల్ల వేసుకుని కూర్చుంది. అంతకంటే మంచిచోటు ఏముంటుంది? వచ్చేవాళ్ళందరూ కళ్ళజోళ్ళవాళ్ళే. నూట పన్నెండు మందిలో చాలామంది అటే వచ్చారు. అందరూ ఆగి పలకరించారు. బటన్ నొక్కి చూశారు, బాతు అరవగానే భలే భలే అన్నారు, పిల్లలకి చూపించారు. మా ఇంట్లో అడిగి రేపు వస్తామన్నారు. ఆ రేపు ఏ క్యాలెండర్లో ఉందో ఎవరికీ తెలియదు.

నెలన్నరలో అమ్ముడైనవి మూడు. ఒకటి ఒక టీచరు తన పిల్లి మెడకి కట్టడానికి కొంది. రెండోది కొన్న పెద్దమనిషి నాలుగోరోజు వెనక్కి తెచ్చిచ్చాడు. ఆయన ఒక సంతాపసభలో మాట్లాడుతుంటే ఇంట్లో మనవరాలు బటన్ నొక్కిందట. అంతదూరం పనిచేస్తుందని లెన్సమ్మకే తెలియదు. మూడోది తమ్ముడి స్నేహితుడు కొన్నాడు. అతనికి కళ్ళజోడు లేదు.

ఇక్కడ మామూలు మనిషి అయితే ఏదో తేడా ఉందని అనుమానపడేవాడు. లెన్సమ్మ పడలేదు. నూట పన్నెండు మంది బాగుందన్న సరుకు బాగోకపోవడం ఎలా సాధ్యం? తప్పు వరండాదే అయి ఉంటుంది. బల్ల గుమ్మానికి ఎడమవైపునుంచి కుడివైపుకి జరిపింది.

ఇంతలో ఇంట్లో ఇంకో చిక్కు. మామగారి బాతు మూగబోయింది. బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. ఇంట్లో మళ్ళీ ప్లాట్‌ఫారం ప్రకటనలు, మళ్ళీ అత్తగారి వెతుకులాట. విప్పి చూస్తే లోపల బ్యాటరీ లేదు. తమ్ముడు వచ్చి కొత్తది వేశాడు. వారం తిరక్కుండా అదీ మాయం. ఇంకోటి వేశాడు. అదీ పోయింది. మూత వదులుగా ఉందేమోనని లెన్సమ్మ స్వయంగా స్క్రూ బిగించింది. ఆమె బిగించిన స్క్రూ ఊడడం పద్నాలుగేళ్ళలో జరగలేదు. అది కూడా ఊడింది.

ఒకరోజు క్లినిక్‌లో డాక్టరుగారు సెలవు. వరండా ఖాళీ. లెన్సమ్మ పెట్టె సర్దుకుని మధ్యాహ్నానికే ఇంటికి వచ్చేసింది. మామగారు వాలుకుర్చీలో కునుకు తీస్తున్నారు. వంటింటి కిటికీ దగ్గర వెలుతురులో అత్తగారు కూర్చుని ఉన్నారు. ఒళ్ళో మామగారి కళ్ళజోడు. చేతిలో లెన్సమ్మ పనిపెట్టెలోని అతి చిన్న స్క్రూడ్రైవర్. మూత తీసి, బ్యాటరీని గోటితో లాగి, పక్కనున్న గుండీల డబ్బాలో వేశారు. డబ్బాలో అప్పటికే నాలుగున్నాయి. కళ్ళజోడు తుడిచి కుట్టుమిషను సొరుగులో పెట్టి, తలెత్తేసరికి గుమ్మంలో కోడలు.



"మీరేనా అత్తయ్యా?" అంది లెన్సమ్మ.

"గట్టిగా మాట్లాడకు, లేస్తారు," అన్నారావిడ. "ఆయన ఏదీ ఎక్కడా మర్చిపోరమ్మా. ముప్ఫై ఏళ్ళు సెకన్లు చూసుకుని రైళ్ళు పంపిన మనిషి. కళ్ళజోడు మర్చిపోతారా? నేనే తీసి దాస్తాను."

"ఎందుకు?"

"కళ్ళజోడు ఉంటే పేపర్లో దిగుతారు. పేపరు అయ్యాక పుస్తకం. మళ్ళీ భోజనానికే తలెత్తడం. పొద్దుట్నుంచి సాయంత్రందాకా నన్ను పిలిచేది దానికోసం ఒక్కటే. నేను వెతుకుతుంటే వెనకాలే వస్తారు, పాత స్టేషన్ల కబుర్లు చెబుతారు. ఒక్కోసారి దొరికినా దొరకనట్టే ఉంటాను. అది కాస్తా నీ బాతుకిచ్చేస్తే నాకేం మిగులుతుంది?"

"మరి అడిగితే చాలా బాగుంటుందన్నారుగా!"

"అంత ఆశగా అడిగావు. బాగోదని ఎట్లా అంటానే?"

లెన్సమ్మ వెళ్ళి మంచం మీద కూలబడింది. ఆ సాయంత్రం భర్త రాగానే చెప్పింది. ఆయన బూట్లు విప్పుకుంటూ, నాన్న రిటైరైన నెలనుంచే తనకి తెలుసన్నాడు.  మరి నాకెందుకు చెప్పలేదని ఆమె నిలదీసింది.

"బాగుంటుందా అని అడిగావు," అన్నాడాయన. "నాన్న కళ్ళజోడు ఎందుకు పోతోందని అడగలేదుగా."

చూశారా! పాఠకులు ఇక్కడ జాగ్రత్తగా గమనించాలి. వివరాలు అడక్కుండా ఉన్నంతకాలం ఆ ఇల్లు ఎంత హాయిగా ఉంది? లెన్సమ్మ ఎంత ధైర్యంగా ఉంది? ఒక్క నిజం గుమ్మంలోకి వచ్చేసరికి ఆ పూట ఎవరికీ అన్నం సయించలేదు. మేధావుల సలహా వింటే ఇదే జరుగుతుంది.

అంతటితో ఆగిందా? లేదు. నిజం రుచి తగిలిన మనిషి ఓ పట్టాన ఊరుకోదు. మర్నాటినుంచి లెన్సమ్మ నూట పన్నెండు మందిలో దొరికినవాళ్ళని దొరికినట్టు పట్టుకుంది. ఈసారి బాగుంటుందా అనలేదు. వాళ్ళ కళ్ళజోడు చేతిలోకి తీసుకోలేదు. పోయినసారి మీ కళ్ళజోడు కనబడనప్పుడు ఏం చేశారని మాత్రం అడిగి, నోరు మూసుకుని కూర్చుంది. ఆమె జీవితంలో చేసిన పనులన్నిటిలో కష్టమైనది ఆ కూర్చోవడమేనట.

లెక్కల మాస్టారి కళ్ళజోడు ఎప్పుడూ పోలేదు. మెడలో తాడు కట్టుకుంటారు. తల నిమిరిన పెద్దావిడకి మూడు జతలున్నాయి, గదికొకటి. ఇంకో ఆయన, పోతే పోయిందిలే, ఆ వంకన ఆఫీసులో ఓ పూట సెలవు దొరికిందని మురిసిపోయాడు. ఒక్కొక్కరూ కబుర్లు చెబుతుంటే లెన్సమ్మకు ఒంట్లోంచి గాలి తీసేసినట్టయింది. అయినా అడగడం మానలేదు.

ఆఖరికి ఒక బస్సు కండక్టరు దగ్గరికి వచ్చింది. నలభై దాటిన మనిషి, నిర్మొహమాటి అని పేరు. ఆవిడ కళ్ళజోడు పోయిన ఏడాది బస్సులోనే పోయింది. టికెట్లు కొట్టడం అయ్యాక వెనక సీటులో కూర్చోబెట్టి అడిగింది లెన్సమ్మ.

"పోలేదమ్మా," అంది కండక్టరు. "వదిలేశాను."

"వదిలేశారా?"

"ఆ ఫ్రేము పెట్టుకుంటే మా ఆయన నవ్వేవాడు. నా కళ్ళకి పవర్ ఎక్కువ. కొనేటప్పుడు ఖాళీ ఫ్రేము పెట్టుకుని అద్దంలో చూస్తే నాకేం కనబడుతుంది? నువ్వే పక్కన నిలబడి, భలే నప్పిందండీ అన్నావు. నమ్మి కొన్నాను. బాగున్న వస్తువు పారేయడానికి మనసొప్పదు కదా. పోయిందంటే ఎవరూ ఏమీ అనరు."

లెన్సమ్మ ఆ ఫ్రేము ఏదో గుర్తు తెచ్చుకోబోయింది.

"నేనొక్కదాన్నే అనుకునేవు," అంది కండక్టరు. "మా డిపోలో పోయిన సామాన్ల గదికి ఓసారి రా."

వెళ్ళింది. ఆ గదిలో గొడుగులకి మనుషులొస్తున్నారు, సంచులకి వస్తున్నారు, ఒంటి చెప్పుకోసం కూడా ఒకాయన వచ్చి గుమస్తాతో వాదిస్తున్నాడు. కిటికీ కింద అట్టపెట్టెలో మాత్రం ముప్ఫైకి పైగా కళ్ళజోళ్ళు దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. వీటికోసం ఎవరూ రారండీ అన్నాడు గుమస్తా. లెన్సమ్మ నేలమీదే కూర్చుని ఒక్కోటీ తీసి వెలుతురుకి పట్టి చూసింది. లెన్సు అంచు చూస్తే ఎవరు అరగదీశారో ఆమెకి తెలిసిపోతుంది. పదకొండు ఆమె చేత్తో బిగించినవే. స్క్రూ ఒక్కటీ ఊడలేదు. లెన్సు ఒక్కటీ కదల్లేదు. ఒక్కొక్కటీ ఎవరి మొహం మీద ఎంత అసహ్యంగా ఉండి ఉంటుందో కూడా ఆమెకి ఇప్పుడు స్పష్టంగా కనబడుతోంది. చతురస్రపు మొహానికి చతురస్రపు ఫ్రేము, చిన్న మొహానికి పళ్ళెమంత లెన్సులు. ఆ పదకొండు మందిలో ప్రతి ఒక్కరూ చూపు ఆనని కళ్ళతో ఆమెవైపు తిరిగి "బాగుందా?" అని అడిగే ఉంటారు. ఆమె ఏమని ఉంటుందో వేరే చెప్పాలా?

అంటే పద్నాలుగేళ్ళపాటు ఆ కౌంటర్లో అందరికీ బాగుందని చెప్పింది తనే. జనం చేసిందల్లా, తన దగ్గర తీసుకున్న మాటని తనకే తిరిగి ఇచ్చేయడం. నూట పన్నెండుసార్లు!

అలాంటి జనానికి, వదిలించుకున్న కళ్ళజోడుని మళ్ళీ వెతికిపెట్టే బాతుని అమ్మబోయింది. క్వాక్ క్వాక్ మంటూ అది వెంటపడితే వాళ్ళ గతి ఏమిటి?

లెన్సమ్మ మర్నాడు పొద్దున్నే షాపుకి వెళ్ళింది. ఓనరు ఆమె కుర్చీ మీదున్న అట్టపెట్టెలు తీసి కింద పెట్టాడు. కళ్ళజోడు పోయినవాళ్ళు నవ్వుతూ ఎందుకొస్తారో కనుక్కున్నానని ఆమె మొదలుపెట్టి, డిపో గది సంగతి మొత్తం చెప్పింది. ఆయన వింటూ వింటూ కౌంటరు అద్దం తుడుస్తూనే ఉన్నాడు. తుడిచిన చోటే తుడిచాడు.

అంతలో మొదటి కస్టమరు వచ్చాడు. ఎక్కడో క్లర్కు. పాత కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, దళసరి నల్ల ఫ్రేమొకటి పెట్టుకుని, అద్దంవైపు ఓసారి వృథాగా చూసి, ఆమెవైపు తిరిగాడు.

"బాగుందాండీ?"

ఓనరు చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"బాగోలేదండీ," అంది లెన్సమ్మ.  "మీ కనుబొమల్ని మింగేస్తోంది. ఎప్పుడూ కోపంగా ఉన్నట్టు కనబడతారు."

 క్లర్కు ఆ ఫ్రేము మెల్లగా తీసి, తడుముకుంటూ బల్లమీద పెట్టాడు. పాతది పెట్టుకుని ఆమె మొహంలోకి పరీక్షగా చూశాడు.

"ఇప్పుడు పెట్టుకున్నది కూడా అలాంటిదే కదా," అన్నాడు. "ఆరేళ్ళుగా ఆఫీసులో నాతో ఎవరూ సరదాగా మాట్లాడరు. నా స్వభావమే అంతేమో అనుకున్నాను."

లెన్సమ్మ ఆయనకి పదిహేడు ఫ్రేములు పెట్టి చూసింది. ఒక్కోదానికీ ఫోనులో ఫొటో తీసి, పాత కళ్ళజోడు పెట్టించి చూపించింది. ఏది నప్పలేదో ఎందుకు నప్పలేదో మొహమాటం లేకుండా చెప్పింది. పద్దెనిమిదోది ఆయనే ఎంచుకున్నాడు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, ఆదివారం మా ఆవిణ్ణి తీసుకొస్తానన్నాడు. ఆ ఆదివారం నిజంగానే వచ్చాడు కూడా.

ఆరోజు క్లర్కు మెట్లు దిగగానే ఓనరు, ఒక పూటంతా ఒక్క మనిషితోనే సరిపెట్టావని కేకలేస్తాడనుకుంది లెన్సమ్మ. ఆయన కౌంటరు చుట్టూ తిరిగొచ్చి, కస్టమర్లు కూర్చునే స్టూలు మీద కూర్చున్నాడు. తన కళ్ళజోడు తీసి ఆమె ముందు పెట్టాడు. అది ఆమె చేరిన కొత్తలో ఎంచి ఇచ్చినదే.

"నిజం చెప్పమ్మా," అన్నాడు, ఆమె ఉన్నవైపుకి కాస్త పక్కగా చూస్తూ.

"గుడ్లగూబలా ఉంటారండీ," అంది లెన్సమ్మ.

ఆయన చాలాసేపు తల ఆడించాడు. తర్వాత పై అరలోని కొత్త ఫ్రేముల పెట్టె తీయమన్నాడు.